ఎలివేషన్ బొమ్మకు ఏ సాఫ్ట్‌వేర్? ముందు అది ఎక్కడ ప్రింటవుతుందో చూసుకోండి

ఆటోక్యాడ్ నేర్చుకున్న సివిల్ డిప్లొమా పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "సార్, ప్లాన్ గీయడం వచ్చు. ఇంటి ఓనరు చూడగానే అర్థమయ్యేటట్టు మంచి బొమ్మ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" నల్లగొండలో ఇళ్ళ ఎలివేషన్లు, అంటే ఇంటి ముందు భాగం ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలు, పాత కట్టడాల బొమ్మలు గీయడం నా పని. కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్, అఫినిటీ నాలుగింటిలోనూ పనిచేశాను. ఆ పిల్లలకు జవాబు చెప్పేముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఆ బొమ్మ చివరికి ఎవరి చేతికి పోతుంది? ఫ్లెక్సీ షాపుకా, పుస్తకం అచ్చువేసే ప్రెస్సుకా, కాలేజీ షీటుకా, వాట్సాప్‌లో చూసుకునే ఓనరుకా? దాన్నిబట్టే నా సలహా మారుతుంది.

ఇక్కడ నేను మాట్లాడేది పర్మిషన్ కోసం పెట్టే డ్రాయింగు గురించి కాదు. దానికి ఆటోక్యాడ్ ఉండనే ఉంది. ఫోటోలా కనిపించే త్రీడీ రెండర్ గురించీ కాదు. గీతలతో, నాలుగైదు రంగులతో కట్టడాన్ని వివరించే వెక్టర్ బొమ్మ, అంటే ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ గురించి. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్ళకు దాని అవసరం వెంటనే తెలుస్తుంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. మంటపంలో స్తంభాల అమరిక, వెలుతురు లోపలికి వచ్చే దారులు కలిసి ఆ నీడను నిలబెడుతున్నాయి. ఫోటోలు ఎన్ని తీసినా అందులో నీడే కనిపిస్తుంది, దాని కారణం కనిపించదు. మూడు గర్భగుళ్ళ ప్లాన్ గీసి, స్తంభాలను నల్లగా నింపి, వెలుతురు దారులను పల్చని గీతలతో చూపిస్తే బడిపిల్లలకు కూడా విషయం అర్థమవుతుంది. ఏది చూపించాలో, ఏది వదిలేయాలో గీసేవాళ్ళే నిర్ణయించుకోగలగడం ఈ బొమ్మకున్న బలం. పైగా వెక్టర్ కాబట్టి అదే ఫైలు ఏ4 కాగితానికీ సరిపోతుంది, 6 అడుగుల బోర్డుకూ సరిపోతుంది.

ముందు నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒక పాత కోట బొమ్మను ఇంక్‌స్కేప్‌లో మూడు వారాలు గీశాను. ప్రదర్శన రేపు పొద్దున అనగా ఇంక్‌స్కేప్ సేవ్ చేసే ఎస్‌వీజీ ఫైలు పట్టుకుని ఫ్లెక్సీ షాపుకు పోయాను. అక్కడి తమ్ముడు చూసి, "అన్నా, ఇది ఓపెన్ అయితలేదు. కోరల్‌ల ఉంటే ఇయ్యి" అన్నాడు. అప్పటికప్పుడు పీడీఎఫ్ చేసి ఇచ్చాను. వాళ్ళ దగ్గరున్న పాత వెర్షన్‌లో తెరిచేసరికి తెలుగు ఒత్తులన్నీ విడిపోయాయి, రాతి గోడకు వేసిన ప్యాటర్న్ మాయమైంది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. తప్పు షాపుది అనుకోను. ఫైలు ఎక్కడికి పోతుందో ముందే అడిగి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

అందుకే కోరల్‌డ్రాతో మొదలుపెడతాను. 1989లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ మన దగ్గర పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, స్టిక్కర్ కటింగు చేసే షాపుల్లో ఇంటి మనిషిలా పాతుకుపోయింది. నల్లగొండలోనే కాదు, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, ఎక్కడికి పోయినా డీటీపీ సెంటర్లో మొదట తెరిచి కనిపించేది అదే. మీ సంపాదనలో ఎక్కువ భాగం వెంచర్ బోర్డుల నుంచి, షాపుల ముందు పెట్టే ఎలివేషన్ ఫ్లెక్సీల నుంచి వచ్చేటట్టయితే కోరల్‌డ్రా నేర్చుకోండి. రెండో ఆలోచన అక్కర్లేదు.

కట్టడాల బొమ్మకు పనికొచ్చే రెండు సౌకర్యాలు అందులో బాగున్నాయి. ఒకటి, డ్రాయింగ్ స్కేలు. రూలర్ సెట్టింగుల్లో 1:50 అని పెట్టుకుంటే 30 అడుగుల ఇంటి ముందు భాగాన్ని 30 అడుగులు అనే కొట్టి గీయవచ్చు, కాగితం మీద అది 18.3 సెంటీమీటర్లు వస్తుంది. రెండోది, కొలత గీతలు. రెండు చివర్లు చూపిస్తే బాణాలతో, అంకెతో సహా కొలత వచ్చి కూర్చుంటుంది. గీతల మధ్య ఖాళీని ఒక్క క్లిక్కుతో నింపే స్మార్ట్ ఫిల్ కూడా ఉంది. ఇబ్బంది వెర్షన్లతోనే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. షాపులో ఏది ఉందో అడిగి, ఆ వెర్షన్‌కు దించి సేవ్ చేసి ఇవ్వాలి.

క్రాక్ కాపీలు పంచేవాళ్ళు ఊరూరా ఉన్నారు, వాటి జోలికి పోకండి. చట్టం సంగతి అటుంచినా, అలాంటి కాపీతో వచ్చిన వైరస్ వల్ల కస్టమర్ల ఫైళ్ళన్నీ పోగొట్టుకున్న మనిషి బాధ దగ్గరుండి చూశాను. కొనే స్తోమత లేకపోతే ఉచితంగా దొరికేవి నిజంగా బాగున్నాయి.

వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంక్‌స్కేప్. 2003లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. దాని సొంత ఫైలు ఎస్‌వీజీ. అది ఏ ఒక్క కంపెనీదీ కాని, అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం. పాత కట్టడాల బొమ్మలు గీసేవాళ్ళకు ఇది చాలా ముఖ్యమని నా నమ్మకం. శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. అలాంటి పనికి కొలతలతో గీసిన బొమ్మే ఆధారం. మనం ఇవాళ గీసిన గుడి బొమ్మ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరికి తెరుచుకోవాలి. చందా కట్టడం ఆపగానే మూతపడే ఫైల్లో దాన్ని దాచడం నాకు మనస్కరించదు.

ఇంక్‌స్కేప్‌లో నేను రోజూ వాడేది క్లోన్, అంటే మొదటి బొమ్మతో ముడిపడి ఉండే నకలు. మన పాత భవంతి ఇంటి కప్పు తీసుకోండి, వరసలు వరసలుగా గూన పెంకులు. ఒక పెంకు గీసి, దానికి క్లోన్లు తీసి వరసగా పేర్చుకుంటూ పోవాలి. తర్వాత మొదట గీసిన ఆ పెంకు వంపు మారిస్తే కప్పంతా మారుతుంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం స్తంభాలకూ ఇదే పద్ధతి. 1208 నాటి ఆ గుడి మంటపంలో ఒక స్తంభాన్ని రెండు రోజులు కూర్చుని శ్రద్ధగా గీస్తే మిగతావి అరగంటలో నిలబడతాయి. అయితే దగ్గరకు పోయి చూస్తే ఏ రెండు స్తంభాల చెక్కడమూ అచ్చంగా ఒకటి కాదు. తేడా ఉన్న చోట క్లోన్ బంధం తెంపి మళ్ళీ చేత్తో గీయాల్సిందే. సులువుగా వస్తోంది కదా అని అన్నీ ఒకేలా పెట్టేస్తే ఆ శిల్పులకు అన్యాయం చేసినట్టే.

లోపాలూ ఉన్నాయి. నోడ్లు, అంటే గీతను వంచే బిందువులు, వేలల్లోకి పోతే ఇంక్‌స్కేప్ బరువెక్కి ఆగాగి నడుస్తుంది. ఆటోక్యాడ్ నుంచి డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా తెచ్చుకుంటే హ్యాచ్‌లు, అంటే గోడల లోపల నింపిన గీతల అల్లికలు, సరిగ్గా రావు. ఆటోక్యాడ్‌లోనే 1:50కి పీడీఎఫ్ ప్లాట్ చేసి ఆ పీడీఎఫ్ తెచ్చుకోవడం మేలు. అలా వచ్చిన గీతలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. గోడ చుట్టూ గీత ఉన్నట్టే కనిపిస్తుంది గానీ మూలల దగ్గర కలిసి ఉండదు, అందుకని రంగు నింపితే సరిగ్గా నిండదు. ఓపికగా నోడ్లు కలుపుకోవాలి. పెయింట్ బకెట్ ఉంది గానీ అది తెర మీద కనిపించినదాన్ని బట్టి హద్దును అంచనా వేస్తుంది, అందుకే అంచుల్లో సన్నని సందు వదిలేస్తుంది. రంగుల సంగతి ఇంకా ముఖ్యం, అది తర్వాత చెప్తాను.

ఇలస్ట్రేటర్ 1987 నుంచి ఉంది. సరిగ్గా ఈ ముక్కల గీతల దగ్గరే అది పైచేయి అనిపించుకుంటుంది. లైవ్ పెయింట్ అనే పనిముట్టుతో గీతలు కలపకుండానే, వాటి మధ్య ఏర్పడిన ప్రతి గదినీ విడిగా రంగుతో నింపవచ్చు. వారానికి మూడు నాలుగు ప్లాన్లకు రంగులు వేసి బ్రోచర్లు చేసేవాళ్ళకు ఇది ఎంత సమయం మిగులుస్తుందో మాటల్లో చెప్పలేను. దాని పర్‌స్పెక్టివ్ గ్రిడ్ కూడా బాగుంటుంది. నిటారుగా గీసిన కిటికీని తీసుకెళ్ళి పక్క గోడ మీద వదిలితే అదే వాలుగా కూర్చుంటుంది. హైదరాబాద్ ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో ఉద్యోగం చూసుకునే ఆలోచన ఉంటే ఇది రావడం మంచిది. కానీ నెలనెలా లేదా ఏడాదికోసారి చందా కడుతూ ఉండాలి. నెలకు రెండు బొమ్మలు గీసేవాళ్ళకు అది భారమే. స్టూడెంట్ ధర ఉన్నప్పుడు నేర్చుకుని, తర్వాత పని దొరికినప్పుడు కట్టుకోవచ్చు.

అఫినిటీని 2024లో కాన్వా కొన్నది. 2025 చివరి నుంచి కాన్వా ఖాతా ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇస్తున్నారు. విండోస్, మ్యాక్ ఉన్నవాళ్ళు తప్పకుండా వేసుకుని చూడండి, లినక్స్‌కు లేదు. పాత లాప్‌టాప్‌లో కూడా జూమ్ చేస్తే తడబడదు. ఐసోమెట్రిక్ బొమ్మకు దీన్ని మించింది ఈ నాలుగింటిలో లేదు.

ఐసోమెట్రిక్ అంటే దూరం పోయేకొద్దీ చిన్నవి కాకుండా, అడ్డం గీతలన్నీ 30 డిగ్రీల వాలులో ఉండే బొమ్మ. పాతకాలం దొరల గడీలకు, భవంతి ఇళ్ళకు ఇది బాగా నప్పుతుంది. కప్పు ఎత్తి పక్కన పెట్టినట్టు గీస్తే అరుగు, దర్వాజ, మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, పశువుల కొట్టం అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. అఫినిటీలో ఏ గోడ మీద గీస్తున్నారో ఎంచుకుంటే చాలు, గీత దానికదే ఆ తలంలోకి వంగుతుంది. ఇంక్‌స్కేప్‌లో ఆక్సోనోమెట్రిక్ గ్రిడ్ అనే వాలు గీతల వల పరుచుకుని, గీత దానికి అతుక్కునేలా స్నాప్ పెట్టుకుని గీయాలి. కొంచెం నెమ్మదే గానీ చేయి తిరిగాక హాయిగా ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో, కోరల్‌డ్రాలో పాత సూత్రం పనికొస్తుంది. నిటారు బొమ్మ ఎత్తును 86.6 శాతానికి తగ్గించి, 30 డిగ్రీలు వాల్చి, 30 డిగ్రీలు తిప్పడం.

గీత మందం

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా బొమ్మకు ప్రాణం పోసేది గీత మందమే. కొత్తవాళ్ళు గీసినవి చూస్తే గీతలన్నీ ఒకే మందంలో ఉంటాయి, అందుకే గోడ ఏదో గచ్చు మీది బండల గీత ఏదో తెలియదు. డ్రాయింగు పెన్నుల కాలం నుంచి వాడుతున్న వరస 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. సెక్షన్‌లో, అంటే కట్టడాన్ని కోసి లోపల చూపించే బొమ్మలో, కోసిన గోడలకు నేను 0.5 లేదా 0.7 పెడతాను. దర్వాజ, కిటికీ, మెట్ల అంచులకు 0.25 లేదా 0.35. శాబాదు బండల అతుకులకు, పెంకుల గీతలకు 0.13 లేదా 0.18. పాయింట్లలో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ అయితే 1 పాయింటు దాదాపు 0.35 మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడే అందరూ ఒకసారైనా పడే గుంత ఉంది. బొమ్మను చిన్నది చేస్తే గీత మందం కూడా తగ్గాలా, అలాగే ఉండాలా? నాలుగింటిలోనూ దీనికి ఒక టిక్కు ఉంటుంది. ఏ4 బొమ్మను సగానికి తగ్గించి పుస్తకంలో వేస్తే, టిక్కు ఉన్నప్పుడు 0.13 గీత 0.065 అయిపోయి అచ్చులో కనబడదు. టిక్కు లేకుండా అదే బొమ్మను 6 అడుగుల ఫ్లెక్సీకి పెంచితే 0.5 గీత 0.5గానే ఉండిపోయి, రోడ్డు మీది నుంచి చూసేవాళ్ళకు గోడలే కనిపించవు. ఫ్లెక్సీకి టిక్కు పెట్టి పెంచండి. బొమ్మ ఆరు రెట్లవుతుంది, గీత 3 మిల్లీమీటర్లవుతుంది, దూరానికి సరిగ్గా సరిపోతుంది. పుస్తకానికి టిక్కు తీసేసి తగ్గించండి, తర్వాత గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట కొన్నిటిని తీసేయండి. ఒకే మందం ఉన్న గీతలన్నిటినీ ఒక్కసారి పట్టుకునే ఆదేశం ఇలస్ట్రేటర్‌లో సూటిగా ఉంది. ఇంక్‌స్కేప్‌లో స్ట్రోక్ స్టైల్‌ను బట్టి పట్టుకోవచ్చు. మొదటి రోజు నుంచే మందానికొక లేయర్ పెట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఇబ్బంది ఉండదు.

రాయి గురించి ఒక మాట. దేవరకొండ కోట గోడనో, బురుజునో ఫోటో తీసి, ట్రేస్ బటన్ నొక్కి వెక్టర్ చేసేద్దామని చాలామందికి అనిపిస్తుంది. చేయకండి. ట్రేస్ వేలకొద్దీ నోడ్లు పోస్తుంది, అందులో రాయి ఏదో నీడ ఏదో దానికి తెలియదు. ఫోటోను అడుగున పల్చగా పెట్టుకుని, పెద్ద రాళ్ళ అతుకులు మాత్రం చేత్తో గీయండి. అంచుల్లో, మూలల్లో ఒత్తుగా, గోడ మధ్యలో అక్కడక్కడ నాలుగు రాళ్ళు. మిగతాది చూసేవాళ్ళ కన్ను నింపుకుంటుంది. అలంపురం గుళ్ళ శిఖరాల వంపు కూడా ఇంతే. ఒకవైపు వంపును తక్కువ నోడ్లతో, నాలుగైదింటితో లాగి, దాన్ని అద్దంలోలా తిప్పి రెండోవైపు పెట్టండి. నోడ్లు ఎక్కువైతే వంపు వణుకుతుంది. ఈ వంపు దగ్గర నాలుగు సాఫ్ట్‌వేర్లూ సమానమే, తేడా చేతిలో ఉంటుంది.

తెలుగు అక్షరాలు

బొమ్మ మీద 'పడమటి దర్వాజ', 'అరుగు', 'వంటిల్లు' అని తెలుగులో రాయడం నాకు చాలా ఇష్టం. ఓనరు ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చదువుకుంటారు. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు, అంటే మనం ఫోన్లో కొట్టే తెలుగు, నేరుగా టైప్ చేస్తే సరిగ్గా వస్తుంది. ఇలస్ట్రేటర్‌లో సెట్టింగుల్లోకి పోయి ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. కోరల్‌డ్రా కొత్త వెర్షన్లలో యూనికోడ్ పనిచేస్తుంది. కానీ చాలా షాపుల్లో ఇంకా అను అనే పాత డీటీపీ తెలుగు ఫాంట్లే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ కావు, అందుకని మీ అక్షరాలు వాళ్ళ ఫాంట్లలో సరిగ్గా రావు, వాళ్ళవి మీ ఫాంట్లలో సరిగ్గా రావు. అఫినిటీ పాత వెర్షన్లలో తెలుగు విడిపోయేది. మీరు వేసుకున్నదాంట్లో ముందుగా 'శాస్త్రం', 'ఈశాన్యం', 'క్షేత్రం' అనే మూడు మాటలు కొట్టి చూడండి. మూడూ సరిగ్గా వస్తే నమ్మవచ్చు.

ఏదైనా సరే, షాపుకు ఇచ్చే కాపీలో అక్షరాలను కర్వ్స్ చేసి ఇవ్వండి. అప్పుడవి అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా ఉంటాయి, ఫాంటు లేకపోయినా చెదరవు. కర్వ్స్ చేయని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోవడం మర్చిపోకండి, 'వంటిల్లు'ను 'పూజగది' చేయమని ఓనరు తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు నలుపు సంగతి. ఇంక్‌స్కేప్ తెర రంగుల్లో, అంటే ఆర్‌జీబీలో పనిచేస్తుంది. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు కావాల్సింది నాలుగు సిరాల సీఎంవైకే. ఆర్‌జీబీ నలుపును మామూలుగా మారిస్తే అది నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. 0.13 గీతను నాలుగు సార్లు ఒకదాని మీద ఒకటి అచ్చువేసినప్పుడు ఏ ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత మసకబారుతుంది. గీతల బొమ్మకు నల్ల సిరా ఒక్కటే 100 శాతం ఉండాలి. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్, అఫినిటీ మూడింటిలోనూ దాన్ని నేరుగా పెట్టుకోవచ్చు. ఇంక్‌స్కేప్ వాడేవాళ్ళు ఉచితంగా దొరికే స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని అక్కడ నలుపును సరిచేసి పీడీఎఫ్ తీయాలి. నేను అలాగే చేస్తాను, ఒక పావుగంట పని. ఆ పావుగంట వద్దనుకునేవాళ్ళు, పుస్తకాల పనే ఎక్కువగా ఉన్నవాళ్ళు అఫినిటీకి మొగ్గడం సబబు.

మరి నన్ను ఒక్క పేరు చెప్పమంటే మనిషిని బట్టి చెప్తాను. పాలిటెక్నిక్‌లో చదువుతూ చేతిలో డబ్బు లేనివాళ్ళకు ఇంక్‌స్కేప్. దాంతో నేర్చుకున్న నోడ్లు, లేయర్లు, గీత మందం ఎక్కడికి పోయినా పనికొస్తాయి. జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో ప్లాన్ ఆఫీసు నడుపుతూ ఫ్లెక్సీ షాపుతో రోజూ పని పడేవాళ్ళకు కోరల్‌డ్రా. కొత్త వెంచర్ల బ్రోచర్లు కట్టలు కట్టలుగా చేసేవాళ్ళకు ఇలస్ట్రేటర్, చందా డబ్బు మిగిలే సమయంలో తిరిగి వస్తుంది. గడీలు, కోటలు, గుళ్ళు మనసుపెట్టి గీయాలనుకునేవాళ్ళు ఇంక్‌స్కేప్‌లో గీసి, ఐసోమెట్రిక్ బొమ్మ కావాల్సినప్పుడు మాత్రం అఫినిటీ తెరవండి. ఇప్పటికే ఒకటి బాగా వచ్చినవాళ్ళు మారకండి. దాన్నుంచి మంచి పీడీఎఫ్ తీయడం నేర్చుకుంటే చాలు.

ఏదీ కొనకముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. టేపు పట్టుకుని మీ ఇంటి దర్వాజను కొలవండి, చౌకట్టు మందం, కడప ఎత్తు, తలుపు పలకలతో సహా. 7 అడుగుల దర్వాజ 1:10 స్కేలులో 21 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ వస్తుంది, ఏ4 కాగితంలో సరిపోతుంది. ఉచితంగా దొరికే రెండింటిలో ఒకదాంట్లో మూడు మందాలతో గీసి, మీరు మామూలుగా పోయే షాపులోనే ప్రింటు తీయించండి. 0.13 గీత అక్కడ కనిపిస్తోందా, ఒత్తులు నిలిచాయా, స్కేలు పెట్టి కొలిస్తే 21.3 సెంటీమీటర్లు వచ్చిందా చూసుకోండి.